కనుమ నాడు కదిలిన వాళ్లం

జనవరి 11, శనివారం

తెల్లవారుజామున మూడున్నరకి బయల్దేరితే రద్దీ తప్పుతుందని మా ఆయన లెక్క. హైదరాబాదులో ఉన్న గోదావరి జిల్లాల వాళ్లందరూ అదే లెక్క వేసుకున్నారు. చౌటుప్పల్ దగ్గర టోల్ గేటు దాటేసరికే తెల్లగా తెల్లారిపోయింది. ముందు కారు నెత్తిన కట్టిన పిల్లల సైకిలు, పక్క కారు అద్దానికి తల ఆనించి నిద్రపోతున్న తాతగారు, వెనక హారన్ల మోత. చాలాసేపు వీళ్లే మా ఇరుగుపొరుగు.

అమ్మ ముందు సీట్లో కూర్చుంది, ఒళ్లో గుడ్డ సంచితో. "డిక్కీలో పెట్టేద్దామమ్మా" అంటే "ఉండనీ, బరువేం కాదు" అంది. అందులో ఏముందో నాకు తెలుసు. ఒక పంచెల చాపు, ఒక నేత చీర. సంక్రాంతి నాడు పెద్దలకి పెట్టే బట్టలు. తాతయ్యకి, అమ్మమ్మకి. నిజానికి అవి మావయ్య కొనాలి. ఈసారి నేనే తెస్తానని అమ్మ ఫోన్లో పట్టుబట్టింది.

వక్కలంకలో తాతయ్య ఇల్లు అమ్మేసి నాలుగేళ్లయింది. మావయ్య అమలాపురంలో ఫ్లాట్ కొనుక్కున్నాడు. తప్పు పట్టడానికేం లేదు. పెంకులు మార్చడానికి మనిషి దొరకడు, ముందు వాననీళ్లు, తర్వాత చెదలు. కానీ ఇల్లు పోయాక సంక్రాంతికి ఇటు రావడం మానేశాం. నాలుగేళ్లూ పండగ రోజున అమ్మ టీవీలో ముగ్గుల పోటీలు చూసింది. ఈ ఏడు పిన్ని ఫోన్ చేసి కేకలేసింది. "ఇల్లు లేకపోతే అక్కచెల్లెళ్లం కాకుండా పోతామా? మా ఇంటికి రండి. కనుమకి తీర్థం చూద్దాం."

విజయవాడ, ఏలూరు, తాడేపల్లిగూడెం. వీటి గురించి చెప్పుకోడానికి ఇడ్లీలు, బాత్రూంలు తప్ప ఏమీ లేవు. తణుకు దాటి సిద్ధాంతం వంతెన ఎక్కగానే అమ్మ అద్దం దింపమంది. కింద వశిష్ఠ. రూపాయి బిళ్ల విసిరితే రెయిలింగుకి తగిలి మళ్లీ రోడ్డు మీదే పడింది. "మళ్లీ రమ్మంటోంది" అంది. ఏది ఎలా పడినా అమ్మ దగ్గర దానికో అర్థం ఉంటుంది.

రావులపాలెం దగ్గర హైవే వదిలి కొత్తపేట వైపు తిరిగితే దారి మారిపోతుంది. కాలవ పక్కనే రోడ్డు, రోడ్డు పక్కనే కొబ్బరి, కొబ్బరి కింద అరటి, కంద. అంబాజీపేట దగ్గరున్న పిన్ని ఇల్లు చేరేసరికి రాత్రి ఏడు. బాబాయ్ గేటు తీస్తూ "ఎన్నింటికి బయల్దేరారండీ అల్లుడు గోరూ?" అన్నాడు. మా ఆయన మూడున్నర అన్నాడు. మధ్యాహ్నం మూడున్నర అనుకుని బాబాయ్ మెచ్చుకున్నాడు.

జనవరి 12, ఆదివారం

పొద్దున్న పొట్టిక్కలు. పనసాకులు నాలుగు తీసుకుని పుల్లలతో బుట్టలా కుట్టి, ఇడ్లీ పిండి పోసి ఆవిరి పెడతారు. ఆకు వాసన పిండికి పడుతుంది. అంబాజీపేట పొట్టిక్కలకి పేరు. పెద్దాడు, తొమ్మిదేళ్లవాడు, నాలుగు తిని "ఇది ఇడ్లీ కాదా మరి?" అని అడిగాడు. పిన్నికి కోపం వచ్చింది, ఐదోది వేసింది.

బాబాయ్‌ది కొబ్బరి వ్యాపారం. ఇంటి వెనక పాకలో ఒక పక్క ఒలిచిన కాయల రాశి, ఇంకో పక్క డొక్కలు. పిల్లల్ని నిచ్చెనెక్కించి అటక చూపించాడు. అక్కడ కాయల్ని నెలల తరబడి కదపకుండా పోసి ఉంచుతారు. లోపల నీళ్లు ఇగిరిపోయి, కొబ్బరి చిప్పని వదిలి గుండ్రంగా బంతిలా మిగుల్తుంది. అదే కురిడీ. ఆ బజార్లో అందులో రెండు రకాలున్నాయి, గండేరా అని, గటగట అని. పెద్దాడు ఒక కాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల బంతి దొర్లుతున్న చప్పుడు విని, "ఆ పేరు ఎందుకొచ్చిందో నాకు తెలుసు!" అని అరిచాడు. ఇక రోజంతా దొరికిన ప్రతి కాయనీ ఊపడమే పని.

మధ్యాహ్నం ముక్తేశ్వరం రేవుకి వెళ్లాం, కోటిపల్లికి పంటు ఎక్కడానికి. పడవల మీద బల్లలు పరిచి దాని మీదికి మోటారు సైకిళ్లు, కార్లు, మేకలు, మనుషులు, అందర్నీ ఎక్కిస్తారు. గౌతమి ఇక్కడ బాగా వెడల్పు. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠలుగా చీలుతుంది కదా, ఆ రెండు పాయల మధ్య చిక్కుకున్న నేలే కోనసీమ. కాబట్టి ఎటు వెళ్లాలన్నా నీళ్లు దాటాల్సిందే. నీళ్లు దాటడం ఇక్కడివాళ్లకి విశేషం కాదు. మా చిన్నదానికి మాత్రం, నాలుగేళ్లది, రోడ్డు కదులుతున్నట్టే ఉంది. "అమ్మా, రోడ్డు ఎక్కడికెళ్తోంది?" అని భయంగా నా కొంగు పట్టుకుంది.

నదిలో రైలు వంతెన స్తంభాలు నిలబడి ఉన్నాయి. అమ్మ వాటిని చూసి తాతయ్య కథ ఎత్తుకుంది. తాతయ్య చిన్నతనంలో కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు వచ్చేది. ఇవతలి గట్టున నిలబడితే కూత వినిపించేదట. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇనుము కావాలని ఆ పట్టాలు పీకేశారు. మళ్లీ కోటిపల్లికి రైలు రావడం 2004లో. అప్పటికి తాతయ్యకి చెవులు సరిగా వినపడవు. "రైలొచ్చింది నాన్నా" అని అమ్మ అరిచి చెప్తే "ఏరు దాటి వచ్చినప్పుడు చెప్పు" అన్నాడట. ఇప్పటికీ దాటలేదు.

అవతల సోమేశ్వరస్వామి దర్శనం అయింది. ద్రాక్షారామం కూడా చూద్దామనుకున్నాం గానీ చిన్నది నిద్రకి పడింది, తిరుగు పంటు ఎక్కేశాం. వచ్చేటప్పుడు ఒక మలుపులో వక్కలంక బోర్డు కనిపించింది. బాబాయ్ ఏమీ అనకుండా ఇంకో దారి పట్టాడు. అది చుట్టు దారని అందరికీ తెలుసు. అమ్మ సంచి సర్దుకుంది. ఆ సంచి పంటు మీదికి కూడా వచ్చింది.

జనవరి 13, సోమవారం, భోగి

నాలుగింటికే లేపేశారు. పౌర్ణమి. మంచులోంచి చంద్రుడు పాలు ఒలికిన పళ్లెంలా ఉన్నాడు. వీధి మధ్యలో తాటి దుంగలు, కొబ్బరి మట్టలు, ఎవరిదో విరిగిన మంచం కోడు. పిన్ని మనవలు నెల రోజుల ముందు నుంచీ పిడకలు కొట్టి, నడుమ చిల్లి పెట్టి, పురికొసకి గుచ్చి దండ చేశారు. మావాడు ఖాళీ చేతులతో నిలబడ్డాడు. వాళ్లలో ఒకడు తన దండ తెంపి సగం ఇచ్చాడు. అంత ఉదారంగా ఇచ్చింది పేడ అని వాడికి తర్వాత తెలిసింది. చేతులు ఏడుసార్లు కడుక్కున్నాడు.

మంట దగ్గర మాటలు ఎప్పుడూ 95 దగ్గరికే వెళ్తాయి. ఆ ఏడు జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి బ్లోఅవుట్ అయింది. 65 రోజులు మండింది. ఆ సంక్రాంతికి నేను వక్కలంకలోనే ఉన్నాను, నాకు పదేళ్లు. రాత్రి పెరట్లోకి వెళ్తే ఆ దిక్కున ఆకాశం ఎర్రగా ఉండేది. దీపం లేకుండా నూతి దగ్గరికి వెళ్లొచ్చని మేం పిల్లలం సంబరపడ్డాం. భోగి నాడు తాతయ్య "ఈయేడు మనకి వేరే మంటెందుకే" అని నవ్వాడు. అమ్మమ్మ నవ్వలేదు. "కొంపలొదిలి పోయినోళ్లున్నారక్కడ" అంది. ఆయన లోపలికి వెళ్లి పడక్కుర్చీలో కూర్చున్నాడు. ఆ ఏడు మా వాకిట్లో మంట చాలా చిన్నది.

మరుసటి ఏడాది నవంబరు 6న తుపాను. 96 తుపాను అంటే చాలు ఇక్కడ ఇంకేం చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి తాతయ్య తోటలో మూడొంతుల చెట్లు పడిపోయి ఉన్నాయి, అన్నీ ఒకే వైపు తల పెట్టి. కొబ్బరి మొక్క పెడితే కాపు చూడ్డానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆయనకి అప్పటికే అరవై దాటాయి. మళ్లీ మొక్కలు పెట్టాడు. ఇంటి గుమ్మం పక్కన కూడా ఒకటి.

సాయంత్రం చిన్నదానికి భోగిపళ్లు. రేగుపళ్లు, చెరుకు ముక్కలు, బంతిపూల రేకలు, చిల్లర కలిపి నెత్తిన పోస్తుంటే అది కదలకుండా బొమ్మలా కూర్చుంది. అయిపోయాక లేచి, పడిన చిల్లర లెక్కపెట్టి, రెండు రూపాయలు తక్కువ ఉన్నాయని ఏడ్చింది. పక్కింటి పిల్లాడి గుప్పిట్లో దొరికాయి.

జనవరి 14, మంగళవారం, సంక్రాంతి

అమలాపురం, మావయ్య ఫ్లాట్. మూడో అంతస్తు. లిఫ్టు లేదు. అమ్మ రెండో అంతస్తులో ఆగి ఊపిరి తీసుకుని, "నాన్న ఎలా ఎక్కుతాడే ఇన్ని మెట్లు" అంది. నేను సమాధానం చెప్పలేదు. ఆవిడ నన్ను అడిగినట్టు కూడా లేదు.

అత్తయ్య తెల్లారకముందే లేచి అన్నీ చేసింది. గుమ్మడికాయ దప్పళం, కంద బచ్చలి, గారెలు, పరమాన్నం, అరిసెలు. తాతయ్య, అమ్మమ్మల ఫోటోల ముందు అరిటాకు పరిచి, ఒక్కొక్కటే వడ్డించి, అమ్మ సంచిలోంచి బట్టలు తీసి పెట్టింది. మావయ్య నీళ్లు తిప్పి వదిలాడు. అందరం తలుపు దగ్గరగా వేసి బయట నిలబడ్డాం, వాళ్లు తింటారని. వంటగదిలో ప్రెషర్ కుక్కర్ కూత వేస్తే మా ఆయన ఉలిక్కిపడ్డాడు. మాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాం. అమ్మ కూడా.

కాకికి ముద్ద పెట్టడం దగ్గర చిక్కొచ్చింది. ఊళ్లో అయితే ముద్ద గోడ మీద పెట్టేలోపే దిగేవి. ఇక్కడ బాల్కనీకి పావురాలు రాకుండా వల కట్టించారు. మావయ్య వల కొస ఎత్తి ముద్ద బయటికి జరిపాడు. ఒక పావురం వచ్చింది. తరిమాడు. ఇంకోటి వచ్చింది. "కనుమ నాడు కాకైనా కదలదంటారు. ఇక్కడ సంక్రాంతికే కదలట్లేదు" అన్నాడు పెద్దాడి వైపు చూసి, వాణ్ణి నవ్విద్దామని. వాడు నవ్వలేదు. పిట్టగోడ మీదికి వంగి "కావ్ కావ్" అని పిలవడం మొదలెట్టాడు. వీధిలోవాళ్లు తలెత్తి చూశారు. పావుగంటకి ఒక కాకి ఎదురు మేడ మీంచి వచ్చి వాలింది. గారె మాత్రమే తీసుకెళ్లింది. అమ్మ సంతృప్తిగా కూర్చుంది. అమ్మమ్మకి గారెలంటే ప్రాణం.

తర్వాత ఆ పంచెల చాపు మావయ్య, చీర అత్తయ్య కట్టుకున్నారు. ఎప్పుడూ జరిగేదే. కానీ మావయ్య ఆ పంచె కట్టుకుని గదిలోంచి వస్తుంటే నడక అచ్చం తాతయ్యదే. అన్నాచెల్లెళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేదు.

వెనక్కి వస్తూ పి.గన్నవరం అక్విడక్టు చూశాం. ఇక్కడ వైనతేయ పాయ మీదుగా, తొట్టిలాంటి వంతెనలో కాలవ ప్రవహిస్తుంది. ముందు కాటన్ దొర కాలంలో కట్టారు. అది పాతబడితే పక్కన కొత్తది. కింద ఏరు, పైన కాలవ. ఈ కాలవ నీళ్లే అవతలి లంకలకి పారతాయి. "నది మీద నది" అన్నాడు పెద్దాడు. చిన్నది అప్పటికే ఒళ్లో నిద్రపోయింది.

జనవరి 15, బుధవారం, కనుమ

కనుమ నాడు ప్రయాణం చెయ్యకూడదు. మినుము తినాలి, పశువుల్ని కడగాలి, ఇంటి పట్టున ఉండాలి. తెలుగువాళ్లంతా పాటించే ఈ మాటని కోనసీమలో శివుడే పాటించడు. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల శివాలయాల నుంచి పదకొండు మంది రుద్రులు ఈ రోజే గుడి వదిలి, మనుషులు భుజాల మీద మోసే ప్రభల మీద ఎక్కి, మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకి బయల్దేరుతారు. తోట అంటే తోటే. అక్కడ గుడి లేదు, గోపురం లేదు. కొబ్బరి చెట్ల కింద ఒక పూట కలుసుకుని, లోకం బాగోగులు మాట్లాడుకుని, చీకటి పడేలోపు ఎవరింటికి వాళ్లు వెళ్లిపోతారు. వ్యాఘ్రేశ్వరం, పెదపూడి, ఇరుసుమండ, నేదునూరు, ముక్కామల, మొసలపల్లి, పాలగుమ్మి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, పుల్లేటికుర్రు. పదకొండోది మా ఊరు, వక్కలంక విశ్వేశ్వరుడు. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభలదే. అది టీవీలో చూసి అమ్మ "మన స్వామి ఏడీ, కనపడడే" అని వెతుక్కుంది.

నేరుగా తోటకి పోదామని బాబాయ్ అన్నాడు. అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి, "ప్రభ వెనకాల నడవకుండా తోటకి ఎప్పుడెళ్లాం?" అంది. అంతే. నాలుగు రోజులుగా వేసిన చుట్టు దార్లన్నీ దండగైపోయాయి.

వక్కలంక గుడి దగ్గర ప్రభ కట్టడం అప్పటికి అయిపోయింది. వెదురు, కర్రల చట్రం నిలువుగా లేపి, దాని మీద రంగురంగుల బట్టలు, వరి కంకులు, పూలదండలు, గంటలు. నడుమ స్వామి విగ్రహం. కుర్రాళ్లు భుజం పెట్టి ఒక్కసారి "అశ్శరభ శరభ" అని లేపారు. ఆ కేక వినగానే అమ్మ అడుగు మారింది. డెబ్బై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు, నిన్న రెండో అంతస్తులో ఆగిపోయిన మనిషి, గుంపుకి ముందు నడుస్తోంది.

ప్రభ మా వీధిలోకి తిరిగింది. ప్రతి గుమ్మం ముందు ఆడవాళ్లు బిందెలతో నిలబడి, మోసేవాళ్ల కాళ్ల మీద నీళ్లు పోస్తున్నారు. మా ఇల్లు... నాకు గుర్తు పట్టడానికి ఒక్క క్షణం పట్టింది. పెంకులు పోయి డాబా వచ్చింది. అరుగు కొట్టేసి ర్యాంపు వేశారు, బండి ఎక్కడానికి. నూతి మీద జాలీ. గుమ్మం పక్కన కొబ్బరి చెట్టు మాత్రం అలాగే ఉంది, డాబా మించి పెరిగి.

అమ్మ రోడ్డుకి ఇవతలి పక్కన ఆగింది. ఎప్పుడూ అవతలి పక్కన, ఆ గుమ్మంలో, బిందె పట్టుకుని నిలబడిన మనిషి. అవతల ఇప్పుడు ఇంకొకావిడ ఉంది, నా వయసే ఉంటుంది, చేతిలో స్టీలు బిందె. మమ్మల్ని చూసింది. మావయ్య ఇల్లు రాసిచ్చిన రోజు చూసి ఉంటుంది, లేదా ఊళ్లో ఎవరో చెప్పి ఉంటారు. ప్రభ ఇంకా రెండిళ్ల అవతల ఉండగా ఆవిడ గట్టిగా, "రండి పెద్దమ్మ గోరూ, స్వామి వచ్చేత్తున్నారు. నాకు ఈ బిందె ఎత్తడం అవట్లేదు, నడుం పట్టేసింది" అంది.

నడుం పట్టేసిన మనిషి అలా నిటారుగా నిలబడదు. అమ్మ ఏమీ అనలేదు. రోడ్డు దాటింది, బిందె అందుకుంది, ప్రభ గుమ్మం ముందు ఆగగానే వంగి, ఒక్కొక్కళ్ల కాళ్ల మీదా ధారగా పోసింది. ఒక కుర్రాడు "సల్లగుండండి మామ్మగోరూ" అన్నాడు. పైన గంటలు మోగాయి. పిన్ని ఫోను తీసి ఫోటో తీయబోయి, మానేసి, ముక్కు తుడుచుకుంది.

తిరిగొస్తూ అమ్మ నాతో అన్న మాట ఒక్కటే. "అరుగు కొట్టేశారు చూశావా? బుద్ధుండాలి."

అక్కడి నుంచి పొలాల్లోనే నడక. దాళ్వా నాట్లు వేసిన చేలు. ప్రభ అడ్డంగా చేలోకి దిగినా రైతు ఏమీ అనడు, స్వామి తొక్కిన చేను పండుతుందని నమ్మకం. మా ఆయన చెప్పులు బురదలో ఒకటి పోయింది, రెండోది ఆయనే వదిలేశాడు.

తోట చేరేసరికి ఇసకేస్తే రాలని జనం. జీళ్లు, బూరాలు, రంగుల రాట్నం, తేగలు కట్టలు కట్టి అమ్ముతున్న ముసలమ్మలు. కౌశిక కాలవ దాటే గంగలకుర్రు, అగ్రహారం ప్రభల్ని చూడ్డానికి గట్టు మీద నిలబడ్డాం. గుండెల్లోతు నీళ్లలోకి అంత ఎత్తు ప్రభతో దిగారు. ఒకవైపు ఒరిగింది. గట్టు మీదున్న వేల మంది ఒకేసారి ఊపిరి బిగబట్టారు. మళ్లీ "అశ్శరభ శరభ", మళ్లీ నిటారుగా లేచింది. ఒక్క బట్ట తడవకుండా ఇవతలికి వచ్చింది. పెద్దాడు నా చెయ్యి నలిపేశాడు.

కొబ్బరి చెట్ల కింద ప్రభలన్నీ వరసగా నిలిపారు. మేమూ ఒక చెట్టు కింద దుప్పటి పరిచాం. మావయ్య, అత్తయ్య అమలాపురం నుంచి గారెల డబ్బాతో వచ్చారు. పిన్ని పులిహోర. కాసేపటికి అమ్మ పెదనాన్న మనవలట, వాళ్లొచ్చారు. నేను ఎప్పుడూ చూడని ఒక మేనత్త వరస ఆవిడ వచ్చి నా గడ్డం పట్టుకుని "అచ్చం అమ్మమ్మే" అని వెళ్లిపోయింది. దుప్పటి చాలక ఇంకోటి పరిచాం. ఎవరి ఇల్లూ కాదు కాబట్టి ఎవరూ మర్యాదలు చెయ్యలేదు. ఎవరి గారె వాళ్లే తీసుకున్నారు.

చీకటి పడబోతుంటే ప్రభలు లేచాయి.

జనవరి 16, గురువారం

బయల్దేరే ముందు వక్కలంక నుంచి ఒక పిల్లాడు సైకిలు మీద వచ్చి రెండు కొబ్బరి కాయలు ఇచ్చి వెళ్లాడు. "మా అమ్మ ఇమ్మందండి. గుమ్మం పక్క చెట్టువి." ఒలవని కాయలు. అమ్మ వాటిని గుడ్డ సంచిలో వేసుకుంది, మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.

విజయవాడ దాటాక అంతా ఆగిపోయింది. టోల్ గేటు ఇంకా ఎంత దూరమో కూడా తెలియదు. పెద్దాడు వెనక సీటు నుంచి చెయ్యి చాపి ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపాడు.

"అమ్మమ్మా, ఇది గటగట కాదు. లోపల నీళ్లున్నాయి."

"ఇప్పుడే ఎలా అవుతుందిరా? అటక మీద పెట్టాలి."

"మనింట్లో అటక ఎక్కడుంది?"

అమ్మ కాసేపు ఆలోచించింది. ముందు కారు రెండడుగులు కదిలి ఆగింది.

"వంటింట్లో, గీజరు పక్కన, పైన గూడుంది కదా. అందులో పెడదాం. వచ్చే సంక్రాంతి దాకా ఎవరూ ముట్టుకోకండి."